తూడు తిరగని మధ్యాహ్నం

అనగనగా ఒక అడవిలో, చెట్లన్నీ మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉండే చోట, ఒక మడుగు ఉండేది. అక్కడ గాలి కూడా తొందరపడేది కాదు. పొద్దెక్కే వేళ నీటి మీద సన్నని ఆవిరి లేచేది. ఎప్పుడో పడిపోయిన పెద్ద చెట్టు మాను ఒకటి ఒడ్డున రెల్లులోంచి మడుగు మధ్యదాకా చాచుకుని ఉండేది. ఆ మాను మీద ఈల వేసే బాతుల గుంపొకటి కాపురం పెట్టింది.

ఈ బాతులు రాత్రంతా మేత వెతుక్కుంటాయి. పగలంతా నిద్రపోతాయి. మన ఇంట్లో అలా చేస్తే అమ్మ ఊరుకోదు. వాళ్ల ఇంట్లో అదే పద్ధతి.

ఆ నిద్రకు ఒక కట్టుబాటు ఉంది. అందరూ మాను మీద వరుసగా కూర్చుంటారు. మధ్యలో ఉన్నవాళ్లు రెండు కళ్లూ మూసుకుని హాయిగా నిద్రపోతారు. రెండు కొసల్లో ఉన్న ఇద్దరు మాత్రం ఒక్క కన్నే మూస్తారు. బయటి వైపు కన్ను తెరిచే ఉంటుంది. అంటే నిద్రా పోతారు, కాపలా కూడా కాస్తారు. క్లాసులో రెండు కళ్లూ తెరుచుకుని నిద్రపోయే విద్య మనలో కొందరికి వచ్చు గానీ, అది వేరే సంగతి. మధ్యాహ్నం మద్దిచెట్టు నీడ మాను మీదికి రాగానే కొసల్లో ఉన్న ఇద్దరూ లేచి వెనక్కి తిరిగి కూర్చుంటారు. అప్పటిదాకా మూసి ఉన్న కన్ను ఇప్పుడు బయటి వైపుకు వస్తుంది. అది తెరుచుకుంటుంది, రెండోది మూసుకుంటుంది.

ఎందుకు తిరగాలి? తూడు అనే కుర్రబాతుకు ఈ సందేహం వచ్చింది. వాళ్లమ్మ నాచమ్మను అడిగాడు. మా అమ్మ తిరిగింది, నేనూ తిరుగుతున్నాను, రేపు నువ్వూ తిరుగుతావు అని చెప్పి నాచమ్మ ఈకలు దువ్వుకోవడంలో పడింది. ఆమెకు అంతకన్నా తెలీదు. తెలుసుకుందామని తోచలేదు కూడా.

ఆ సంగతి తెలిసింది ఒక్క అమ్మమ్మకే. ఆమె పేరు గుల్లమ్మ. ఏళ్ల తరబడి కొసన కూర్చుని, తన తలలో ఏం జరుగుతోందో తానే గమనించుకుంది. ఏ కన్ను మూస్తే ఎలా ఉంటుంది, తిరక్కపోతే ఏమవుతుంది, అన్నీ తన ఒంటి మీదే చేసి చూసుకుంది. అవన్నీ ఎవరికైనా చెప్పాలని ఆమెకు మహా ఆశ. కానీ మెదడు అనే మాట ఆమె నోట్లోంచి రాగానే పిల్లలకు ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి.

మొదటిసారి ఆమె తూడును పిలిచినప్పుడు వాడు తూనీగ వెంట పరుగెడుతున్నాడు. వస్తున్నా అమ్మమ్మా అంటూనే వెళ్లిపోయాడు. రెండోసారి పిలిచినప్పుడు నత్తలు దొరికే కొత్త చోటు చూడాలన్నాడు. మూడోసారి అమ్మమ్మ వాడి దారికి అడ్డంగా కూర్చుంది.

"ఒరే తూడూ, మెదడు గురించి నాలుగు మాటలు చెబుతాను, విని పోరా" అంది.

"నా తల బాగానే పనిచేస్తోంది కదా అమ్మమ్మా. లోపల ఏముంటే నాకెందుకు?" అన్నాడు తూడు.

గుల్లమ్మ మనసు చివుక్కుమంది. లేచి దారి ఇచ్చింది.

ఇంతలో పెద్దబాతులకు ఈకలు రాలే కాలం వచ్చింది. రెక్కల్లోని పెద్ద ఈకలన్నీ ఒక్కసారే ఊడిపోతాయి. కొత్తవి వచ్చేదాకా వాళ్లు ఎగరలేరు. రెల్లులో తిరిగే బావురుపిల్లికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఆ కాలంలో కొసల్లో కాపలా కుర్రకారుదే. ఒడ్డు వైపు కొస తూడుకు వచ్చింది. వాడి పక్కనే నాచమ్మ, మొండి రెక్కలు ముడుచుకుని కూర్చుంది. నీడ రాగానే తిరగడం మరిచిపోకు నాన్నా అని చెప్పి రెండు కళ్లూ మూసుకుంది. కొడుకు మీద ఆమెకు అంత నమ్మకం.

తూడు కుడి కన్ను మూశాడు. ఎడమ కన్ను తెరిచి ఉంచాడు.

కాసేపటికి మూసిన కన్ను వెనక ఒక తెల్లని చెరువు పరుచుకుంది. దాని మీద తామరాకులు నీటిని వదిలి గాల్లో తేలుతున్నాయి. దూరంగా ఎవరో ఈల వేస్తున్నారు. ఆ ఈల తనదే. తెరిచిన కంటికి మాత్రం ఎప్పటి మడుగే కనిపిస్తోంది, అదే రెల్లు, అదే ఎండ, అవే నీటిపురుగులు. రెండూ ఒకేసారి కనిపిస్తున్నాయి. కలలోని తామరాకు తేలుతూ వచ్చి నిజం మడుగు అంచున ఆగింది. నిజం తూనీగ ఒకటి రివ్వున ఎగిరి కలలోకి వెళ్లిపోయింది. ఇంత బాగుంటుందని వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పబోయిన వాళ్లను వాడు చెప్పనివ్వలేదు.

నీడ వచ్చింది. తూడు లేచి వెనక్కి తిరిగాడు. ఎడమ కన్ను మూయగానే చెరువు మాయమైంది. ఆ వైపు నిద్ర చీకటిగా, బరువుగా ఉంది. అందులో ఏమీ లేదు. వాడికి ఉసూరుమనిపించింది.

రెండోరోజు నీడ వచ్చినా తూడు తిరగలేదు. తెల్లని చెరువును వదల బుద్ధి కాలేదు. సాయంత్రందాకా అలాగే కూర్చున్నాడు. ఏమీ జరగలేదు. తిరగడమంతా ఉత్త చాదస్తమని వాడికి అనిపించింది. ఆ రాత్రి మేతకు వెళ్లినప్పుడు మాత్రం ఎడమ వైపున్న కొమ్మలకు గుద్దుకుంటూ వచ్చాడు. ఎందుకో వాడికి తెలీలేదు.

మూడోరోజు మద్దిచెట్టు నీడ మాను మీదికి పాకి వచ్చింది. అవతలి కొసన ఉన్న కుర్రబాతు లేచి తిరిగి కూర్చుంది. తూడు కదల్లేదు. ఇంకొంచెం సేపు అనుకున్నాడు. ఎడమ కన్ను బరువెక్కింది. వాడు దాన్ని మూయలేదు. అదే మూసుకుంది.

ఇప్పుడు ఎటు చూసినా తెల్లని చెరువే. రెల్లు మెత్తగా పక్కకు ఒరిగి ఎవరికో దారి ఇస్తోంది. ఆ వచ్చేవారి అడుగులకు చప్పుడు లేదు. కలలో అది కూడా అందంగానే ఉంది.

మాను అదిరింది. నాచమ్మకు మెలకువ వచ్చేసరికి బావురుపిల్లి మీదికి దూకుతోంది. దాని చూపు తూడు మెడ మీద ఉంది. నాచమ్మకు ఎగరడానికి ఈకలు లేవు. నీళ్లలోకి దూకితే తను బతుకుతుంది. ఆమె దూకలేదు. కొడుక్కీ పిల్లికీ మధ్య దూరి, ఒళ్లంతా బరువు చేసి వాణ్ని నీళ్లలోకి తోసింది. పంజా ఆమె ముఖం మీద పడింది. ఆమె గింజుకుని జారి నీళ్లలో పడింది. గుంపంతా కేకలు పెడుతూ మునుగీత వేసి మడుగు నడిమికి చేరింది. పిల్లి కాసేపు మాను మీద తచ్చాడి, అందరూ లోతులో ఉన్నారని చూసి, రెల్లులోకి వెళ్లిపోయింది.

నాచమ్మ బతికింది. కానీ ఆమె ఎడమ కన్ను పోయింది.

తూడు అమ్మ ముఖం చూడలేకపోయాడు. సిగ్గుతో, దుఃఖంతో కుమిలిపోయాడు. నావల్లే అమ్మా అని ఏడ్చాడు. నాచమ్మ వాణ్ని దగ్గరికి తీసుకుంది.

"ఎందుకు తిరగాలని నువ్వు నన్ను అడిగావు. నాకు తెలీదని ఊరుకున్నాను. తెలిసినవాళ్లు ఇంట్లోనే ఉన్నారు కదరా. వెళ్లి అడుగు" అంది.

తూడు తల వంచుకుని గుల్లమ్మ దగ్గరికి వెళ్లాడు. అమ్మమ్మ దెప్పిపొడవలేదు. పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పింది.

"నీ మెదడుకు రెండు సగాలున్నాయి. ఎడమ కన్ను చూసింది కుడి సగానికి చేరుతుంది. కుడి కన్ను చూసింది ఎడమ సగానికి చేరుతుంది. కొసన కూర్చున్నప్పుడు ఒక సగం నిద్రపోతుంది, ఒక సగం మేలుకుంటుంది. మనం తిరిగి కూర్చుంటే మేలుకున్న సగానికి నిద్ర వంతు వస్తుంది. నువ్వు తిరగలేదు. కుడి సగానికి నిద్రే లేదు. పాపం, అది ఎంతసేపని ఆగుతుంది? నిన్ను అడక్కుండా పడుకుంది. కలలో ఉన్నవాడికి అది తెలిసే వీలు లేదు."

"కొమ్మలకు గుద్దుకున్నది కూడా అందుకేనా?" అన్నాడు తూడు.

అందుకేనంది అమ్మమ్మ. తలలోపల అలసిపోతే మనకు అలా కబురు వస్తుందనీ, ఆ కబురు చదవడం వస్తే చాలా ఆపదలు తప్పుతాయనీ చెప్పింది.

తూడు ఇంకో మాట అడిగాడు.

"అమ్మమ్మా, చెరువును కలగన్నదీ నేనే, మడుగును కనిపెట్టి చూసిందీ నేనే. ఒక సగం పడుకుని ఒక సగం మేలుకుంటే, అందులో నేను ఏ సగం?"

గుల్లమ్మ ముసలి ముఖం మెల్లగా వెలిగిపోయింది.

"నాకు తెలీదురా. ఇన్నేళ్లు కొసన కూర్చున్నాను, నాకు ఆ ప్రశ్నే రాలేదు. నువ్వు కనుక్కో. కనుక్కుని నాకూ చెప్పు" అంది.

నాచమ్మకు ఇక కొసన కూర్చోవడం కుదరలేదు. తిరిగి కూర్చుంటే చూడడానికి రెండో కన్ను లేదు. ఆమె వంతు కూడా తూడే తీసుకున్నాడు. మబ్బు పట్టి నీడ కనిపించని రోజున కూడా, తలలో మేలుకున్న వైపు బరువెక్కడం గమనించి, లేచి తిరిగి కూర్చుంటాడు. ఆ ప్రశ్నకు జవాబు ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. వాడి పక్కన వాళ్లమ్మ, తనకున్న ఒక్క కన్నూ మూసుకుని, నిశ్చింతగా నిద్రపోతుంది.

నీతి: రోజూ వాడుకునే మెదడు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి, అది తెలిస్తేనే మనల్నీ, మనల్ని నమ్ముకున్నవాళ్లనూ కాపాడుకోగలం.