మేకమ్మ చూసిన రెండు బడులు

కొండ దిగువ అడవిలో జంతువుల పంచాయతీ రెండు బడులు పెట్టించింది. రెండూ ఉచితమే. ఒకటి నక్క మాస్టారిది, ఇంకోటి ఎద్దు పంతులుది. పిల్లల్ని ఎక్కడ చేర్చాలన్నది తల్లుల ఇష్టం.

చుక్కల మేకకు ఆ ఇష్టమే బెంగైపోయింది. కూతురు గౌరికి నత్తి. నలుగురిలో నోరు విప్పాల్సి వస్తే తల్లి పొట్ట కింద దూరిపోయేది.

ముందు నక్క బడికి వెళ్లారు. కుందేలు పిల్లలు, ఉడుత పిల్లలు వరసగా నిలబడి ఎక్కాలు గడగడా అప్పజెప్పారు.

"చూశారా అమ్మా! ఎద్దు బడిలో ఇంకా అక్షరాల దగ్గరే నానుతున్నారు" అన్నాడు నక్క.

గౌరి మరీ ముడుచుకుపోయింది. మేకమ్మ కూతుర్ని ఒకసారి చూసి నక్క వైపు తిరిగింది.

"బాగుంది మాస్టారూ. మీ బడిలో అందరికన్నా వెనకబడ్డ పిల్లను ఒక్కసారి చూపిస్తారా?"

"మా బడిలోనా? వెతికినా దొరకరు!"

"నేనున్నాను సార్!" అంది తంగేడు పొద చాటు నుంచి ఒక సన్నని గొంతు.

మేకమ్మ కొమ్ములతో పొద తప్పించి చూసింది. లోపల ముంగిస పిల్ల, ఒళ్లంతా దుమ్ము.

"చూడ్డానికొచ్చిన వాళ్లు వెళ్లేదాకా బయటికి రావద్దన్నారు. సార్ నన్ను మరిచిపోయారేమోనని పలికాను."

"దానికి ఒంట్లో బాగోలేదు" అన్నాడు నక్క, తడబడుతూ.

"బాగానే ఉంది సార్!"

మేకమ్మ దాని తల మీది దుమ్ము నాలుకతో తుడిచింది. "పద నాన్నా, మీ అమ్మతో మాట్లాడదాం" అంది.

ముంగిస తల్లితో కలిసి అందరూ ఎద్దు బడికి వెళ్లారు. అక్కడా మేకమ్మ అదే ప్రశ్న వేసింది. ఎద్దు నెమరు ఆపాడు.

"ఇవాళ ఈ తాబేలు. నిన్న కుందేలు. ఎవరు ఆగితే వాళ్ల దగ్గర కాసేపు నేనూ ఆగుతానమ్మా." తర్వాత మెడ వంచి, "నీ పేరేమిటి తల్లీ?" అని గౌరినడిగాడు.

"గ్... గ్..."

మేకమ్మ అందించబోయింది. ఎద్దు వద్దన్నట్టు తలూపాడు. ఎవరూ నవ్వలేదు. తాబేలు మెడ చాచి ఓపిగ్గా చూస్తోంది.

"గ్... గౌరి!"

మేకమ్మ ముఖం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

గౌరినీ ముంగిస పిల్లనూ ఆ బడిలోనే చేర్చారు. నక్క పొద చాటున పిల్లను దాచిన సంగతి అడవంతా పాకింది. నక్క బడికొచ్చిన ప్రతి తల్లీ ముందు పొదలు కదిపి చూడడం మొదలుపెట్టింది. నక్క మాస్టారికి వేరే దారి లేక తంగేడు పొదలన్నీ కొట్టించి, వెనకబడ్డ పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించాల్సి వచ్చింది.

ఏ బడి మంచిదో తేల్చుకోవాలంటే, తడబడే పిల్లను అక్కడ ఎలా చూసుకుంటున్నారో చూడాలి.