నక్క తెచ్చిన నిరుటి పొడి

ఈ కథ నాకు మొట్టమొదట చెప్పినవాడు గొర్రెల కాపరి యడ్ల సత్తెయ్య. ఇప్పుడు మా ఊరి తౌడు కొట్టు పైడిరాజు తనే అల్లానని చెప్పుకు తిరుగుతున్నాడు. అల్లితే అల్లాడు, చివర తప్పు చెబుతాడు. అసలు సంగతి ఇది.

గడ్డివాము పక్క పాకలో కాటుక అనే గేదె ఈనడానికి సిద్ధంగా ఉంది. కిందటి ఈతలో దాని కాళ్లు పడిపోయాయి. లేవలేక నేలకి అతుక్కుపోయి, దూడని కనీసం నాకలేకపోయింది. అందుకే ఈసారి యజమాని లవణాల పొడి సంచి తెచ్చి, చీకటి మూల కొయ్యకి తగిలించి, పూటకో గుప్పెడు దాణాలో కలుపుతున్నాడు. ఆ గుప్పెడు మీదే కాటుక ఆశంతా.

అదే సంచి మీద నక్క కన్ను పడింది. దాని ముందు పళ్లు ఊగుతున్నాయి. ఎముక కొరికి ఎన్నాళ్లయిందో. ఆ పొడి తింటే పళ్లు గట్టిపడతాయని దాని ఆశ.

"మరదలా, పచ్చి పొడి తింటున్నావా?" అంది నక్క, బుగ్గలు నొక్కుకుని.

"పచ్చిదేంటి బావా? మొన్ననే తెచ్చారు."

"నేననేదీ అదే! కొత్త బియ్యం కడుపునొప్పి, పాత బియ్యం పథ్యం. పాత నెయ్యి మందు. పొడికి మాత్రం వేరే న్యాయమా? నా దగ్గర నిరుటి సంచి ఉంది, బాగా మాగింది. కడుపుతో ఉన్నదానివని ఇస్తున్నా. నీ పచ్చిది నాకు పారెయ్. నా బతుకు ఎలా పోతేనేం."

కాటుక కళ్లు చెమర్చాయి. "పుట్టింటివాళ్లు కూడా నన్నింత చూడలేదు బావా" అంది. సంచులు మారాయి.

సాయంత్రం దుక్కి నుంచి ముసలి ఎద్దు మల్లన్న వచ్చింది. దాని ముక్కు దాటి గడ్డిపరకైనా పోలేదు.

"ఈ ముక్కిన వాసన ఎక్కడిది?"

కాటుక గర్వంగా చెప్పింది. మల్లన్న సంచిని కొమ్ముతో కదిపింది. లోపల గడ్డలు.

"ఓసి పిచ్చిదానా! ఇది పక్కవాళ్ల రేకుల పాక మీద మూతి ఊడి పడుండేది కదే. ఎండకి ఎండింది, వానకి నానింది. రోజూ దారిలో చూస్తున్నా."

"విషమా తాతా?" అంది కాటుక, సంచికి దూరంగా జరిగి.

"విషమో కాదో తరవాత సంగతి. సత్తువ చచ్చింది. తిన్నాననుకుని ధైర్యంగా ఉంటావు, ఈనే రోజున కాళ్లు నిజం చెబుతాయి."

"మరి పాత నెయ్యి..."

"నెయ్యి నెయ్యే, పొడి పొడే. మూతి బిగించి, చల్లగా, చీకట్లో, తడి చెయ్యి తగలకుండా దాచాలి. సంచి మీద గడువు వేస్తారే, ఆ గడువు కూడా అలా దాచినవాడికే. పాతబడేకొద్దీ బలిసేది లోకంలో పగ ఒక్కటే. ఆ నక్క మీద నాకది బోలెడుంది."

తెల్లారి నక్క అటు వచ్చింది. మేకలు, కోళ్లు, కుక్క, అందరి ముందూ మల్లన్న పిలిచింది.

"అల్లుడూ, నీ మంచితనం మేం మోయలేకపోతున్నాం. మాగింది మాకిచ్చి పచ్చిది నువ్వు తింటే మాకు పాపం కాదా? పైగా పళ్లు ఊగుతున్నవాడివి. మంచిది నువ్వే తిను. ఆ చెడ్డది మా మొహాన కొట్టు."

నక్క చెవులు వెనక్కి పడ్డాయి. "అబ్బే, ఎందుకు మామా..."

"ఏం, పచ్చిదే మేలంటావా?"

మేకలు నెమరు ఆపాయి. కుక్క లేచి ఒళ్లు విరుచుకుంది. ఔనంటే మోసం బయటపడుతుంది, కాదంటే సంచి పోతుంది. కుడితిలో పడ్డ ఎలకలా కొట్టుకుని, చివరికి సంచి ఈడ్చుకొచ్చింది. అదృష్టం, కట్టిన మూతి కట్టినట్టే ఉంది.

"ఇక నీ మాగినది తిను. కళ్లారా చూస్తాం" అంది మల్లన్న.

నక్క గడ్డ కొరికింది. టక్కుమని పన్ను రాలింది.

కాటుక ఈనిన పూట దూడని ఎవరూ చూడలేదు, అందరి కళ్లూ తల్లి కాళ్ల మీదే. వెనక కాళ్లు వణికాయి. ఒకసారి మోకరిల్లింది. తరవాత మెల్లగా లేచి, నిలబడి, దూడని నాకింది. అప్పుడు పాకంతా ఊపిరి వదిలింది. మల్లన్న మాత్రం, "సంచి మూతి బిగించారా?" అంది.

పచ్చడి మాగితే రుచి, మందు మగ్గితే మన్ను.

పైడిరాజు కథలో పన్ను ఊడేది ఎద్దుకి. అబద్ధం. ఊడింది నక్కకి. నాకు రాత అంతంతమాత్రం. రాయగలవాళ్లెవరైనా సత్తెయ్య పేరు పెట్టి, ఈ ముక్క సరిచేసి పుణ్యం కట్టుకోండి.