గెడ్డ నీటి పరిగెపిల్లలు

నాగావళి ఒడ్డున చిన్న ఆశ్రమంలో ఉండే చిదంబరయ్యగారికి ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరేం అడిగినా చేతికి ఏదో పని తగిలించేవారు. విసిగి వెళ్లిపోయినవాళ్లు చాలామందే. గౌరినాయుడు మాత్రం వెళ్లే ఉద్దేశంతో రాలేదు. పెళ్లాన్నీ పిల్లనీ వదిలేసి, కాషాయం కట్టుకుని అక్కడే ఉండిపోదామని వచ్చాడు.

అతను చాలా ఏళ్లు సోఫాల్లో వేసే స్పాంజి ఫ్యాక్టరీలో పనిచేశాడు. నిప్పంటుకోకుండా స్పాంజిలో ఒక మందు కలుపుతారు. ఆ కలిపేవాడు ఇతనే. ఇంటికొచ్చేసరికి చొక్కా నిండా ఆ పొడే. నాలుగేళ్ల కూతురు బుల్లెమ్మకి ఇంకా మాట రాలేదు, పిలిస్తే తిరిగి చూడదు. ఆ మందు వల్లేనా అంటే డాక్టరు చెప్పలేమన్నాడు. డాక్టరు తేల్చలేనిది గౌరినాయుడు కూర్చున్న చోటే తేల్చేసుకున్నాడు. పని మానేశాడు, ఆ చొక్కాలు పారేశాడు. ఇక మిగిలింది తనే, తననీ ఇంట్లోంచి పారేసుకుంటే పిల్ల బాగుపడుతుందనుకున్నాడు.

"చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు కదండీ," అన్నాడు గురువుగారితో. "నేను చేసుకున్నది నా కూతురెందుకు అనుభవించాలండీ?"

గురువుగారు లేచి పెరట్లోకి నడిచారు. ఏట్లో చేపలు తగ్గిపోతున్నాయని అక్కడ సిమెంటు తొట్లలో పరిగె చేపల్ని పెంచి వదులుతుంటారు. ఒక తొట్టి అంచు మీద వేలితో కొట్టారు. లోపలి చేపపిల్లలన్నీ చెల్లాచెదురైపోయాయి. పక్క తొట్టి మీద కొట్టారు. ఒక్కటీ కదల్లేదు.

గౌరినాయుడికి ముచ్చటేసింది. వీటికి కూడా ఆశ్రమం గాలి సోకిందనుకున్నాడు కాబోలు, "ఇవి ధ్యానంలో ఉన్నట్టున్నాయండీ," అన్నాడు.

"కొంగ వచ్చినా ఇదే ధ్యానం," అన్నారు గురువుగారు. "వీటి తల్లులూ తండ్రులూ మీ ఫ్యాక్టరీ దిగువన పారే గెడ్డలో పెరిగాయి. మీ మందు కలిసే నీళ్లే. ఇవి మాత్రం గుడ్డులోంచి బయటపడింది మన నూతినీళ్లలోనే. ఆ గెడ్డ మొహమే చూడలేదు."

గౌరినాయుడు తాననుకున్నదే నిజమైందని తొట్టి పక్కన కూలబడి పసివాడిలా ఏడ్చాడు.

గురువుగారు ఓదార్చలేదు. తడిపిన తవుడు ముద్ద అతని అరచేతిలో పెట్టి, "చెయ్యి నీళ్లలో ఉంచు. తియ్యకు," అన్నారు.

చేపపిల్లలు రాలేదు. చెయ్యి తిమ్మిరెక్కింది. తియ్యబోతే గురువుగారు వద్దని తలూపారు. ఎండ తొట్టి దాటి గోడెక్కాక, ఒక పిల్ల దారి తప్పినట్టు వచ్చి ముద్దని ముట్టింది. తర్వాత ఇంకొకటి. కాసేపటికి గుంపుగా చేరి వేళ్ల సందుల్లో గిలిగింతలు పెట్టసాగాయి. గౌరినాయుడు ఏడుస్తూనే నవ్వాడు.

"పోయినేడాది పిల్లలు అదుగో, ఆ పెద్ద తొట్టిలో ఉన్నాయి," అన్నారు గురువుగారు. "చురుకైపోయాయని చెప్పను. చేతి అలికిడి నేర్చుకున్నాయి. బతికాయి."

"రోజూ ఇలాగే కూర్చోవాలాండీ?"

"రోజూ. వీటికి తండ్రి వచ్చి కూర్చోడు గనక నేను కూర్చుంటున్నాను." భుజం మీది తువ్వాలు తీసి అతనికిచ్చారు. "చెయ్యి తుడుచుకో నాయనా. మీ ఊరి బస్సు ఐదింటికి."