తెర కొస

భుజంగశర్మ భాగవత మేళంలో నాయిక వేషం కట్టేవాడు. ఊరు ఊరంతా మెచ్చుకున్నా, ప్రేక్షకులలో ఒక్కడు ఆవలిస్తే చాలు, ఆ పూట అతనికి అన్నం సహించేది కాదు. ఆ మంటను ఎదురుపడిన వారిమీద కక్కేవాడు. మద్దెల వాయించే పెద్దాయన అతనితో మాట్లాడడం ఏనాడో మానివేశాడు.

ఒకనాటి ఉదయం ఆ మంట చలమయ్యకు తగిలింది. చలమయ్య అతనితోపాటు చిన్ననాటినుండి ఆటా తాళమూ నేర్చిన స్నేహితుడు. "నీ అడుగులు చూస్తుంటే గేదె బురదలోనుండి లేచినట్లున్నది" అన్నాడు భుజంగం, అందరి ఎదుట.

చలమయ్య ఆ సాయంకాలపు ఆట కాగానే ఇక మేళం విడిచి వెళ్ళిపోతానని మూట కట్టుకున్నాడు.

గురువు కామేశ్వరయ్యగారు భుజంగాన్ని పిలిపించారు.

"నా తప్పేమున్నది, గురువుగారూ? అందరికీ నామీదనే కన్ను."

గురువుగారు పాత్ర ప్రవేశించేటప్పుడు అడ్డుగా పట్టే తెర తెచ్చి, ఒక కొస అతని చేతికిచ్చారు.

"ఈ పూట నాయిక వేషం చలమయ్యది. నీవు తెర పట్టు."

భుజంగానికి తల కొట్టేసినట్లయింది. "తెర పట్టడానికేనా నేనింతకాలం మిమ్మల్ని సేవించినది?"

"రెండవ కొస నేను పడతాను," అన్నారు గురువుగారు.

భుజంగం తెర కొస పట్టుకొని గురువుగారి వెంట నడిచాడు.

దీపాలు వెలిగాయి. తెరకు అవతల జనం, ఇవతల చలమయ్య. తెర పట్టినవారికి తప్ప ఆ ముఖం ఇంకెవరికీ కనబడదు. పెదవులు ఎండి ఉన్నాయి. మద్దెల ఇంకా మొదలుకాలేదు. అయినా కాలి గజ్జెలు వాటంతట అవే సన్నగా మోగుతున్నాయి.

భుజంగానికి ఆ మోత తెలుసు. అది లోకంలో తన కాళ్ళకు మాత్రమే ఉన్నదనుకొని, ఎవరికీ వినబడకూడదని, ఇన్నేళ్ళూ అందరికంటె గట్టిగా మాట్లాడుతూ వచ్చాడు.

"నవ్వుతారేమోరా," అన్నాడు చలమయ్య, అతనివైపు చూడకుండానే.

ఉదయం తానన్న గేదె మాట భుజంగానికి మళ్ళీ వినబడింది.

"నాకూ మోగుతాయిరా," అన్నాడు మెల్లగా. "ప్రతి పూటా."

"నీకా?"

"నాకే. పొద్దున అన్నది నా నోటిదురద. నీ అడుగు మంచి అడుగు. వెళ్ళు."

మద్దెల మోగింది. తెర జారింది. చూపులన్నీ చలమయ్యమీదికి పోయాయి. భుజంగం తెర కొస చేతబట్టుకొని పక్కకు జరిగాడు. తనను చూసేవారు ఒక్కరూ లేరు. ఎవరో రొమ్ముమీది బండ దించినట్లు ఊపిరి కడుపుదాకా దిగింది.

ముందు వరుసలో ఒక ముసలాయన నోరారా ఆవలించాడు. భుజంగానికి నవ్వు వచ్చింది.

భోజనాల దగ్గర అతడు చారు మరల అడిగి పోయించుకున్నాడు. మద్దెలాయన వింతగా చూసి, నేతిగిన్నె అతనివైపు జరిపాడు.

గురువుగారు తెర మడతపెడుతూ అడిగారు. "రేపు వేషం నీది. తెర ఎవరు పట్టాలి?"

భుజంగం చలమయ్యవైపు చూశాడు.

చలమయ్య చేయి కడుగుకొని వచ్చి, మూట ముడి విప్పి, పంచె తీసి మేకుకు తగిలించాడు.

"నేను పడతాను, గురువుగారూ. ఈ మహానుభావుడి గజ్జెలు నిజంగా మోగుతాయో లేదో ఒకసారి వినాలి."