తులశమ్మ చిలక దగ్గు

తొమ్మిది రోజులుగా మందు పోస్తున్నాడు ఓబులేసు. చిలక దగ్గు తగ్గలేదు సరికదా, చిలకే తగ్గిపోతోంది. ముద్ద ముట్టదు. పట్టుకుంటే రొమ్ము ఎముక వేలికి గుచ్చుకుంటోంది. ఇంకో రెండు రోజులు ఇట్లాగే పోతే దక్కదు.

ఓబులేసు ఆదోనిలో పిట్టల వైద్యుడు హుస్సేనప్ప తాత దగ్గర ఆరేళ్ళు పని నేర్చినవాడు. వాడి చెవి అలాంటిలాంటి చెవి కాదు. కళ్ళు మూసుకుని కూత వింటే చాలు, ఏ పిట్టకు ఏ రోగమో చెప్పేస్తాడు. చెప్పి ఊరుకుంటాడా? నలుగురిలో ఆ గొప్ప చెప్పుకుంటాడు కూడా. అట్లాంటివాడు ఇప్పుడు తల వంచుకుని గురువు ముందు నిలబడ్డాడు.

"ఇది పడిశపు దగ్గే తాతా. అల్లం రసం, మిరియం, తేనె. ఇంకు ఫిల్లరుతో ముక్కు పక్కనుంచి మూడేసి చుక్కలు. ఏడ తప్పినానో తెలీడం లేదు. ఆ తులశమ్మకు ఆ చిలక తప్ప ఇంకెవరూ లేరు."

తాత లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

బయట ఎండ మాడిపోతోంది. తులశమ్మ ఇంట్లో మాత్రం ఎందుకో చల్లగా ఉంది. కిటికీ దగ్గర పంజరం, దానికెదురుగా నవారు మంచం, మంచం మీద మడతపెట్టిన దుప్పటి. ఆమె మొగుడు పత్తి మిల్లులో ముప్ఫై ఏళ్ళు దూది దుమ్ము మింగి, ఉగాదికి ముందు ఆ మంచం మీదే పోయాడు.

పంజరంలోంచి దగ్గు వచ్చింది. అమ్మో, అదేం దగ్గు! పిట్ట కొంచెం కూత ఘనం అంటారు గానీ, ఇది వింటే ఒళ్ళు జలదరిస్తుంది. లోపల్నుంచి గీరుకుంటూ వచ్చి, చివర ఒక మూలుగుతో ఆగింది.

"వింటివా తాతా?" అన్నాడు ఓబులేసు.

తాత జేబులోంచి దూది తీసి రెండు ఉండలు చేశాడు. "చెవుల్లో పెట్టుకో."

"వినకుండా ఎట్లా తాతా..."

"పెట్టుకోరా."

పెట్టుకున్నాడు. ఇక చూడటం తప్ప వేరే పని లేదు. పిట్టకు ఊపిరాడకపోతే ఊపిరికొకసారి తోక ఊగుతుంది. తాత మొదటిరోజు నేర్పిన పాఠమే అది. చిలక ముక్కు తెరిచింది. గొంతు కదిలింది. తోక మాత్రం కదల్లేదు. తర్వాత మెడ వంచి మంచం వైపు చూసింది. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు చాలాసేపు చూసింది. మళ్ళీ దగ్గింది, మళ్ళీ చూసింది.

ఓబులేసు చెవుల్లో దూది తీసేశాడు. చిలకకు దగ్గు లేదు, విన్న దగ్గును పలుకుతోంది. తొమ్మిది రోజులు ఏ రోగమూ లేని గొంతులో మిరియం ఘాటు పోశాడన్నమాట.

"తులశమ్మా, ఆయన దగ్గితే నువ్వేం చేసేదానివి?" అని అడిగాడు తాత.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చెంబుతో నీళ్ళు పెట్టేదాన్ని."

"ఇప్పుడు పెడుతున్నావా?"

"ఇంకెవరికి పెట్టేది సామీ?"

తాతే వెళ్ళి చెంబు నింపి తెచ్చి మంచం పక్కన నేలమీద పెట్టాడు. ఓబులేసు చేతిలోని ఇంకు ఫిల్లరు తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

చిలక చెంబును చూసింది. కాసేపటికి కిందికి దిగి పంజరంలో పడి ఉన్న జామపండు ముక్క కొరికింది. తులశమ్మ భోరున ఏడ్చేసింది. హమ్మయ్య, బతికించావురా దేవుడా అనుకున్నాడు ఓబులేసు.

అప్పుడు మళ్ళీ దగ్గు వినిపించింది.

చిలక నోటి నిండా జామపండే ఉంది. తోక కదల్లేదు. గొంతూ కదల్లేదు. దగ్గు వచ్చింది ఖాళీ మంచం వైపునుంచి.

"తాతా... ఇది..."

తాత అప్పటికే గడప దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. "దగ్గు విని మందు పోస్తివి. దగ్గేవాణ్ణి ఎప్పుడన్నా చూస్తివా?"

ఓబులేసు వంగి, మంచం మీదినుంచి చేతికి అందేంత దగ్గరగా చెంబును జరిపాడు.