బుర్రా వారి మోకాలి వైద్యం

బుర్రా వారి తెలివి గురించి ఊళ్ళో ఎవరూ చెప్పనక్కర్లేదు, వాళ్ళే చెప్పుకునేవారు. "చెప్పింది చెప్పినట్టు చేసే వంశం మాది," అని పేరంటాలమ్మ పేటంతా వినపడేలా అనేది. కొడుకులు గవర్రాజు, బులిరాజు పక్కనే నిలబడి తలలూపేవారు.

అంత తెలివైన మనిషికీ కుడి మోకాలు అరిగింది. లేస్తే కలుక్కు, కూర్చుంటే కలుక్కు. పెదకొత్తూరులో ఉన్న తోడబుట్టిన నూకాలక్కని చూసి ఏడాదైంది. బస్సెక్కలేకపోతున్నానన్న బెంగే ఆవిణ్ణి నొప్పికన్నా ఎక్కువ ఏడిపించేది.

కొడుకులు టౌన్లో ఫిజియోథెరపీ డాక్టరమ్మ హైమ దగ్గరికి తీసుకెళ్ళారు. "కోత వద్దు, సూది వద్దు మామ్మగారూ. ముందు ఉప్పు మూటతో కాపడం పెట్టించుకోండి. చెయ్యి పెట్టి చూసి, ఓర్చుకునే వేడుంటేనే సుమా!" అంది హైమ.

ఎవరి చెయ్యో చెప్పలేదాయె! ఇంకేముంది, కొడుకులు పెట్టి చూశారు, కోడళ్ళు పెట్టి చూశారు. చాలదని ఇరుగుపొరుగుని కేకేశారు. పేటలో అందరి చేతులూ వెచ్చబడ్డాయి, మూట మాత్రం చల్లారిపోయింది. ఉప్పు పారేయడం ఎందుకని పెద్దకోడలు దాన్ని పులుసులో పోసేసింది. ఆ పూట ఇంటిల్లిపాదీ కుండెడు నీళ్ళు తాగి పడుకున్నారు.

మళ్ళీ వెళితే హైమ కుర్చీలో కూర్చోబెట్టి కాలు ముందుకి చాపించింది. "తొడ కండ గట్టిపడితే మోకాలికి ఊతం. నేను చెప్పేదాకా దించకండి," అంది. అంతలో ఫోను మోగితే పక్కగదిలోకి వెళ్ళింది.

"అమ్మా, గేదె పాలు తీసే వేళయింది," అన్నాడు గవర్రాజు.

"మరి కాలో?"

"దించమని ఆవిడ చెప్పలేదుగా. అలాగే పద."

అంతే! ఒకడు నడుం పట్టాడు, ఇంకొకడు కాలు పట్టాడు. ఆటోలోంచి కాలు బారెడు బయటికొచ్చింది. దారిలో కూరగాయల బండికి తగిలి, పొట్లకాయలు కాలికి వేలాడుతూ ఇంటిదాకా వచ్చాయి. పాపం, హైమ ఫోన్ చేసి "అయ్యో, దించండి!" అని మొత్తుకున్నాకే పేరంటాలమ్మ కాలు నేలకానింది.

ఏమాటకామాటే, రోజూ కాలు చాపడం మాత్రం ఆవిడ మానలేదు. వానలు వెళ్ళేసరికి నొప్పి మాయమైంది. హైమ సంతోషించి, "ఇక మీ అక్కగారింటికి వెళ్ళిరండి. బస్సెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు," అని చెప్పింది.

పేరంటాలమ్మకి రెండు కాళ్ళూ బాగున్నాయి కదా, రెండూ ఒకేసారి ముందుకేసి ఎగిరింది. కొడుకులు వెనకనుంచి తోశారు. పెదకొత్తూరు వచ్చింది. కింద నూకాలక్క చేతులు చాపి నిలబడింది. పేరంటాలమ్మ తలుపు దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"దిగవే!" అంది అక్క.

"నొప్పి కాలు ముందెయ్యాలంట. నాకు నొప్పి కాలే లేదు! పోనీ నువ్వెక్కు, బాగున్న కాలు ముందేసి."

"నాకు రెండూ నొప్పేనే!" అని అక్క బావురుమంది.

పైనొకరు, కిందొకరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. కండక్టరు ఎంతసేపు చూస్తాడు? విజిలేశాడు.

అదే బస్సు తిరిగొచ్చి టౌన్లో ఆగగానే అన్నదమ్ములిద్దరూ తల్లిని ఉన్నపళంగా ఎత్తుకుని దింపి, హైమ దగ్గరికి పరిగెత్తారు.

"డాక్టరమ్మా, మీకు పుణ్యముంటుంది," అని చేతులు జోడించాడు గవర్రాజు. "మా అమ్మకి ఒక్క మోకాలికన్నా నొప్పి తిరిగి తెప్పించండి. పెదకొత్తూరులో దిగాలి!"