కుదపని సీసా

ఎవరేం చెప్పినా సగం విని "తెలుసులే" అంటూ లేచిపోయే నూకరాజు ఉప్పాడ దగ్గర ఒక పల్లెలో పడవ మీద వేట చేసుకుని బతికేవాడు.

వేసవిలో రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజుల్లో పల్లెలో చాలా ఇళ్లలో పొయ్యిలో పిల్లి లేవదు. అందుకే నిషేధం ముగిశాక మొదటి రోజు వేట మీదే అందరి ఆశా. ఆ రోజు ఇంజను మొరాయించకూడదని నూకరాజు మోపెడ్ వేసుకుని ఆయిల్ దుకాణం సుభానీ దగ్గరికి వెళ్లాడు.

సుభానీ కొత్తగా వచ్చిన సీసా ఒకటి చూపించాడు. అందులో కంటికి కనిపించనంత చిన్న నానో రేణువులు ఉంటాయని, ఇంజను ఆయిల్‌లో కలిపితే అవి ఇనుప భాగాల గీతల్లో చేరి అరుగుదల తగ్గిస్తాయని చెప్పాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే నూకరాజు సీసా సంచిలో వేసుకుని మోపెడ్ ఎక్కేశాడు.

పెద్దవాడు కదా అని ముందు అన్న ఎర్రయ్య పడవ ఇంజనులో సగం పోశాడు. నీళ్లలా తేటగా పడింది. మిగిలిన సగం తన ఇంజనులో పోస్తే నల్లగా, చిక్కగా జారింది. అసలు సరుకు తనకే దక్కిందని లోలోపల మురిసిపోయాడు.

తీరా మొదటి రోజు, వల నిండా చేపలు పడ్డాక, నూకరాజు ఇంజను వేడెక్కి నడిసముద్రంలో ఆగిపోయింది. అన్న ఇంజను మాత్రం ఎప్పటిలాగే ఆడుతోంది. మందు మంచిదైతే తనది ఎందుకు ఆగింది? చెడ్డదైతే అన్నది ఎందుకు ఆగలేదు? దిష్టి తగిలిందా, గంగమ్మకు కోపం వచ్చిందా? ఎంత ఆలోచించినా నూకరాజుకు తలాతోకా అందలేదు. ఎర్రయ్య తన వేట వదులుకుని, తాడు కట్టి తమ్ముడి పడవను లాక్కొచ్చాడు. ఒడ్డు చేరేసరికి చేపలు ఎండకు మెత్తబడ్డాయి. రెండిళ్ల ఆశా గంగలో కలిసింది.

నూకరాజు సుభానీ దుకాణానికి పరుగెత్తాడు.

"ఇదేం మాయ బాబాయ్? ఒకటే సీసా. అన్న ఇంజనుకి అంటనే లేదు, నా ఇంజన్ని తినేసింది."

"కుదిపి పోశావా?" అన్నాడు సుభానీ.

నూకరాజు తల అడ్డంగా ఊపాడు.

"చారు కలపకుండా వడ్డిస్తే మొదటివాడికి తేట, చివరివాడికి మడ్డి. ఆ రేణువులూ అంతే, కదలకుండా ఉంచితే అడుక్కి దిగిపోతాయి. మడ్డంతా నీ ఇంజన్లోకి పోయి ఫిల్టరు మూసుకుపోయింది, ఆయిల్ అందక ఇంజను వేడెక్కింది. బాగా కుదిపి మూతెడే పొయ్యమని చెప్పబోతుంటే నువ్వు ఆగావా?"

అన్న ఇంట్లో వెలగని పొయ్యి గుర్తొచ్చి నూకరాజుకు ఏడుపొచ్చింది. ఇంజను బాగు చేసుకునే విధం సుభానీ చెప్పసాగాడు. నూకరాజు మోపెడ్ తాళం జేబులో వేసుకుని బల్ల మీద కూర్చున్నాడు. సుభానీ చెప్పడం ముగించినా లేవలేదు.

"ఇంకేమైనా ఉందా బాబాయ్?" అని అడిగాడు.

నీతి: సగం విన్న మాట సగం మేలు చేయదు, నిండా ముంచుతుంది, ఏ మాటైనా చివరిదాకా విన్నాకే కాలు కదపాలి.